ట్రంకుపెట్టెలో సిపాయి ఉత్తరాల కట్ట దొరికితే

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళలో పాత మిద్దె పడగొట్టేటప్పుడో, అవ్వ పోయాక పెట్టెలు సర్దేటప్పుడో ఇవి బయటపడతాయి. చీర అంచు పేలికతో కట్టిన కట్ట ఒకటి, దాంట్లో ఇన్లాండు లెటర్లు, కార్డులు, ఒకటో రెండో టెలిగ్రాములు, మనియార్డరు కూపన్లు. తాత యుద్ధంలో ఉన్నప్పుడు అవ్వకు రాసినవి. చూసిన వెంటనే అందరూ చేసే పని ఒకటే: పేలిక విప్పి, మంచం మీద గుట్టగా పోసి, తలా ఒకటి అందుకుని చదవడం. సాయంత్రానికి ఏ కవరు ఏ ఉత్తరానిదో తెలియకుండా పోతుంది, మడతల దగ్గర నాలుగు కాగితాలు చిరుగుతాయి. అరవై ఏళ్ళు పెట్టెలో చెదరనిది ఒక్క పూటలో చెదురుతుంది.

ఈ ఉత్తరాల్లో రాత ఎంత చెబుతుందో కాగితం, కవరు, ముద్ర, కట్టలోని వరుస అంతే చెబుతాయి. అందుకే చదవడం ఆఖరి పని.

కట్ట విప్పకముందు

మొదట పెట్టెను ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. తర్వాత కట్టను నాలుగు వైపులా తీయండి. పేలికను పారేయొద్దు, విడిగా ఒక కవర్లో ఉంచండి. ఫ్యాను ఆపేయండి. బల్ల మీద ఉతికిన తెల్లబట్ట పరచండి. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. తలకు నూనె రాసుకున్న పూట ఈ పని వద్దు, నూనె వేలిముద్ర ఆ రోజు కనిపించకపోయినా కొన్నేళ్ళకు పచ్చగా తేలుతుంది. నూలు చేతితొడుగులు వేసుకోవాలని కొందరు చెబుతారు కానీ పెళుసెక్కిన కాగితం అంచు వాటి పోగుల్లో చిక్కుకుని ఊడుతుంది. శుభ్రమైన వట్టి చేతులే మేలు. బూజు పట్టిన కాగితాలకు మాత్రం పలచటి రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు కావాలి. వేలు తడి చేసుకుని పుట తిప్పే అలవాటు ఉన్నవాళ్ళను దూరంగా కూర్చోబెట్టండి. బల్ల మీద పెన్ను ఉండకూడదు, పెన్సిలే ఉండాలి.

పై నుంచి కిందికి ఒక్కో ఉత్తరం తీసి, వెనకవైపు మూలలో మెత్తటి పెన్సిలుతో చిన్నగా 1, 2, 3 అని అంకె వేయండి. కవరుకూ, దాంట్లోని కాగితానికీ ఒకే అంకె. ఇదే మీ అసలు వరుస. తర్వాత తేదీల ప్రకారం ఎన్నిసార్లు మార్చి పేర్చుకున్నా దీనికి తిరిగి రావచ్చు.

కొన్ని ఇళ్ళలో ఉత్తరాలు కట్టగా ఉండవు, కొక్కెం తిరిగిన ఇనప కమ్మీకి గుచ్చి ఉంటాయి. ఎప్పుడు అందింది అప్పుడు గుచ్చేవాళ్ళు కాబట్టి అడుగున ఉన్నది పాతది, పైనున్నది కొత్తది. తేదీ లేని ఉత్తరాలకు ఈ వరుసే పెద్ద ఆధారం. లాగి తీయకండి. చిల్లు చుట్టూ తుప్పు కాగితాన్ని పట్టేసి ఉంటుంది. కమ్మీ కొక్కేన్ని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, ఒక్కోటిగా పైకి జార్చండి. గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, స్టేపుల్ పిన్నులు ఉంటే అవీ తీసేయాలి. స్టేపుల్ పిన్ను కాళ్ళను వెనకవైపు నుంచి మొద్దు కత్తితో నిలబెట్టి, ముందువైపు నుంచి తీయండి. పిన్ను తీసే పరికరంతో గుంజితే తుప్పు ముక్కతో పాటు కాగితమూ వస్తుంది.

మూలల్లో పసుపు మరక కనిపిస్తే అది మురికి కాదు. శుభవార్త రాసిన ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెట్టేవాళ్ళు: బిడ్డ పుట్టడం, నిశ్చితార్థం, గృహప్రవేశం. దాన్ని తుడవకండి, రాసిపెట్టుకోండి. చావు కబురు కార్డులు మన ఇళ్ళలో చదివి చింపేసేవాళ్ళే తప్ప దాచేవాళ్ళు కారు. అందుకే వరుసలో రెండు మూడు నెలల ఖాళీ కనిపిస్తే ఉత్తరాలు పోయాయనే అనుకోనక్కర లేదు.

నీళ్ళు తగిలితే చెరిగేది ఏది

కాగితాన్ని శుభ్రం చేయాలన్న ఆలోచన రాకముందే సిరా ఏదో చూడాలి. రెండో ప్రపంచయుద్ధం నాటి ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించేది కాపీయింగ్ పెన్సిల్. చూడటానికి మామూలు పెన్సిలులా బూడిదరంగులో ఉంటుంది, అక్కడక్కడా ఊదారంగు చుక్కలు, మరకలు ఉంటాయి. ఆ చుక్కలే గుర్తు: ఒకప్పుడు చెమటో, వానచినుకో, కన్నీళ్ళో తగిలి రంగు పొంగింది. దీనికి తడి తగిలితే వాక్యమంతా ఊదామడుగు అవుతుంది. నీలం-నలుపు సిరా ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, గట్టిగా ఒత్తి రాసినచోట కాగితాన్ని తినేస్తుంది. ఉతికితే పోయే నీలం సిరాకు గాలిలో తేమ కూడా శత్రువే. బాల్‌పెన్ను రాత నీటికి తట్టుకుంటుంది కానీ దాని నూనె కాగితం వెనక్కి దిగుతుంది, ప్లాస్టిక్ కవర్లో ఉంచితే ఎదుటి పుటకు అంటుతుంది. మామూలు పెన్సిలు వెలుతురుకు చెక్కు చెదరదు, రాపిడికి మాత్రం పోతుంది.

మడతలు సాగదీయడానికి ఇస్త్రీ పెట్టె వాడొద్దు. కాపీయింగ్ పెన్సిలూ, నీలం సిరా కాని ఉత్తరాలకు మాత్రం ఆవిరి గాలి పట్టించవచ్చు: మూతున్న ప్లాస్టిక్ డబ్బా అడుగున పిండిన తడిబట్ట, దానిమీద గిన్నెల జాలీ, జాలీ మీద ఉత్తరం. మూతపెట్టి రెండు నుంచి నాలుగు గంటలు, అరగంటకోసారి చూస్తూ ఉండాలి. మూత లోపల నీటిబొట్లు కడితే వెంటనే తీసేయండి, ఒక్క బొట్టు పడినా మచ్చ మిగులుతుంది. మెత్తబడిన కాగితాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన అద్దం, అద్దం మీద బరువైన పుస్తకాలు పెట్టి మూడు రోజులు వదిలేయండి. మిగతా ఉత్తరాలను తడి లేకుండా వట్టి బరువు కిందే వారం పది రోజులు ఉంచండి. పూర్తిగా చదును కాకపోయినా నష్టం లేదు.

దుమ్ముకు మెత్తటి కుంచె చాలు, నడుమ నుంచి అంచుల వైపుకు. చిరిగినచోట సెలోటేపు అంటించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోయి జిగురు మాత్రం పచ్చటి పట్టీగా మిగులుతుంది, ఆ కింద అక్షరం మసకబారుతుంది. లామినేషను దానికంటే ఘోరం. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగుతుంది, తీయడం ఎవరి తరమూ కాదు. చిరిగిన ముక్కలను ఒకే మడత కాగితంలో పక్కపక్కన పెట్టి వదిలేయడమే ఇంట్లో చేయగల మంచి మరమ్మతు. మైదా జిగురు పురుగులకు విందు.

2021 నవంబరులో తిరుపతిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు చాలామంది తడిసిన కాగితాలను ఎండలో పరిచారు. ఎండకు కాగితం అట్టకట్టి వంకరపోతుంది, సిరా వెలుస్తుంది. తడిసిన కట్టను విడదీయకుండా పాలిథిన్ కవర్లో చుట్టి 48 గంటల్లోపు ఫ్రీజరులో పెడితే బూజు ఆగుతుంది, తీరిక ఉన్నప్పుడు కొద్దికొద్దిగా తీసి నీడలో ఆరబెట్టుకోవచ్చు. తడిగా ఉన్నప్పుడు ఉత్తరాలను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయబోతే చిరిగేది ఖాయం.

తేదీ లేని ఉత్తరానికి తేదీ

సిపాయి ఉత్తరంలో ఊరిపేరు ఉండదు. రాయకూడదు. చిరునామా అంటే నంబరు, హోదా, పేరు, పటాలం, ఆపైన 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) లేదా 99 ఏపీవో. 56 అంటే ఢిల్లీ మీదుగా పడమర, ఉత్తర దిక్కులకు. 99 అంటే కలకత్తా మీదుగా తూర్పుకు. అంతవరకే తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ఉత్తరాల్లో ఎం.ఇ.ఎఫ్. అని ఉంటే మధ్యప్రాచ్యం, పైఫోర్స్ అంటే ఇరాను-ఇరాకు, సి.ఎం.ఎఫ్. అంటే ఇటలీ వైపు, ఎస్.ఇ.ఎ.సి. అంటే బర్మా వైపు. ఇక ముద్రలో ఎఫ్.పి.ఓ. అని, పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు. ఆ అంకెను చెరిగినా సరే జాగ్రత్తగా చదివి రాసుకోండి. ఏ నంబరు ఏ కాలంలో ఎక్కడ ఉండేదో స్టాంపులు సేకరించేవాళ్ళ దగ్గర పట్టికలు ఉంటాయి.

ముద్రలు సాధారణంగా రెండు: బయల్దేరినచోట ఒకటి, మన ఊరి పోస్టాఫీసులో చేరినప్పుడు ఒకటి. ఒకటి చెరిగినా రెండోది పనికొస్తుంది. తేదీలు రెండూ తెలిసిన పది ఉత్తరాలు తీసుకుని ఎన్ని రోజులు పట్టిందో లెక్కేస్తే, చేరిన తేదీ మాత్రమే ఉన్నవాటికి రాసిన తేదీ సుమారుగా దొరుకుతుంది. ఆ వ్యవధి హఠాత్తుగా రెట్టింపు అయిందంటే పటాలం కదిలిందనో, ఉత్తరాలు తనిఖీ చేసే సెన్సారు దగ్గర ఆగిందనో అనుకోవచ్చు.

ముద్రే లేకపోతే కాగితాన్ని అడగాలి. కింది తేదీలు పక్కన పెట్టుకుని చూడండి:

- ఇన్లాండు లెటరు మన దేశంలో 1950 అక్టోబరు 2న మొదలైంది. ఉత్తరం దాని మీద ఉంటే అది రెండో ప్రపంచయుద్ధం నాటిది కాదు. ఆ యుద్ధంలో సైనికులు వాడిన ఎయిర్ లెటర్ కాగితం కూడా మడతపెట్టి అంటించేదే కాబట్టి పైన అచ్చయిన మాటలు చూసి నిర్ణయించండి.
- స్టాంపు మీద అణాలు ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందు అచ్చయింది. నయాపైసలు ఉంటే 1957 నుంచి 1964 మధ్యది. పాత స్టాంపు తర్వాత కూడా అంటించవచ్చు కాబట్టి ఇది ‘అంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. యుద్ధరంగం నుంచి వచ్చినవాటికి అసలు స్టాంపే లేకపోవచ్చు.
- చిరునామాలో మద్రాసు అని ఉంటే 1953 అక్టోబరు 1కి ముందు, ఆంధ్ర రాష్ట్రం అంటే అక్కడి నుంచి 1956 అక్టోబరు ఆఖరుదాకా, ఆంధ్రప్రదేశ్ అంటే ఆ తర్వాత. కొందరు పాత అలవాటు కొద్దీ చాలా ఏళ్ళు మద్రాసనే రాశారు.
- 517తో మొదలయ్యే పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది.
- తాలూకా అని ఉంటే 1985కు ముందుదై ఉండొచ్చు, మండలం అని ఉంటే ఆ తర్వాతది.
- రాసినవాడు జమేదారు అయితే 1965కు ముందు. ఆ ఏడాది నుంచి ఆ హోదా పేరు నాయబ్ సుబేదార్.
- అవ్వ తాతకు రాసిన కవరు మీద శరణార్థుల సహాయం పేరిట ఐదు పైసల అదనపు స్టాంపు ఉంటే అది 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి ఆఖరులోపుది.

ఇన్ని ఉన్నా ఒక్కోసారి ‘డిసెంబరు 5, ఆదివారం’ అని మాత్రమే ఉంటుంది. పాత క్యాలెండరు తీస్తే డిసెంబరు 5 ఆదివారం అయిన ఏళ్ళు 1954, 1965, 1971, 1976. పిన్‌కోడు లేదు, ఇన్లాండు మీద ఉన్నది పైసలే కానీ అణాలు కావు. అంటే 1965, 1971 మిగిలాయి. 1965 డిసెంబరులో కాల్పులు ఆగి రెండు నెలలు దాటింది, తాష్కెంటు ఒప్పందం ఇంకా కాలేదు. 1971 డిసెంబరు 5 అంటే యుద్ధం మొదలైన మూడో రోజు. ‘ఇక్కడ పని లేదు, లీవు దొరుకుతుందేమో’ అన్న ఉత్తరం మొదటిదానికే సరిపోతుంది. పై మూలలో విశ్వావసు అనో విరోధికృత్ అనో ఉంటే ఇంత తిప్పలు కూడా అక్కర్లేదు. ఊరి అయ్యవారి దగ్గర చదువుకున్నవాళ్ళు తెలుగు సంవత్సరం, మాసం, తిథి రాసేవాళ్ళు. ఉగాది నుంచి ఉగాదికి లెక్క: 1942-43 చిత్రభాను, 1943-44 స్వభాను, 1944-45 తారణ, 1962-63 శుభకృత్, 1965-66 విశ్వావసు, 1971-72 విరోధికృత్. జనవరి, ఫిబ్రవరి ఉత్తరాలకు పాత పేరే నడుస్తుంది. అక్కడే చాలామంది ఒక ఏడాది తప్పుతారు. పాత ఉత్తరాల్లో తెలుగు అంకెలుంటే ౧౯౪౪ అంటే 1944 అని పక్కన రాసుకోండి. తమిళ మాసాలు కూడా కనిపిస్తాయి. చిత్తూరు, పుత్తూరు వైపు ఆడి, తై అని రాయడం మామూలే.

ఊరి సంగతులు పంచాంగం కంటే తక్కువేమీ కాదు. ‘గంగజాతరకు రాలేను’ అంటే తిరుపతి వాళ్ళకు అది మే నెల ముందరి ఉత్తరం. ‘కాణిపాకం పోయి నా పేరుతో టెంకాయ కొట్టు’ అంటే వినాయకచవితి దగ్గర పడి ఉండొచ్చు. గానుగ ఆడించారా, బెల్లం ధర ఎంత పలికింది అంటే చలికాలం. బేనీషా మామిళ్ళు కోతకొచ్చాయా అంటే ఎండాకాలం. వీటిని ఉత్తరం మీద పెన్సిలుతో కాదు, విడిగా పట్టికలో రాసుకోండి.

పట్టికలో ఉండాల్సిన గడులు: కట్టలో అంకె, రాసిన తేదీ, పంపిన ముద్ర, చేరిన ముద్ర, ఎఫ్.పి.ఓ. నంబరు, ఎవరి పేరుకు వచ్చింది, ఎవరి చేతిరాత, సిరా, మనియార్డరు మొత్తం, అందులో ప్రస్తావించిన వేరే ఉత్తరం. ఆఖరి గడి చిన్నదనిపిస్తుంది కానీ గొలుసు కట్టేది అదే. ‘నీవు పదో తేదీన రాసినది నిన్న అందినది’ అన్న ఒక్క వాక్యం రెండు ఉత్తరాలను ముడివేస్తుంది. జవాబు రాకముందే ఇద్దరూ మళ్ళీ రాసుకున్నవి ఉంటాయి, అప్పుడు అలకలు, సంజాయిషీలు తలకిందులుగా కనిపిస్తాయి. గొలుసు చూడకుండా చదివితే కారణం లేకుండా కోప్పడినట్టు ఉంటుంది.

ఎవరు రాశారు, ఎవరికి రాశారు

ఇది అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేచోటు. కవరు మీద నాయన పేరు ఉందని దాన్ని తండ్రికి రాసిన ఉత్తరాల్లో పడేస్తారు. ఆ రోజుల్లో కొత్తగా పెళ్ళయినవాడు పెళ్ళాం పేరుతో ఉత్తరం రాస్తే ఊళ్ళో నవ్వేవాళ్ళు. నిశ్చితార్థం మాత్రమే అయిన మరదలికైతే ఆమె అన్న పేరుతో వెళ్ళేది. పోస్టుమ్యానో అయ్యవారో అరుగు మీద కూర్చుని గట్టిగా చదివితే ఇంటిల్లిపాదీ వినేవాళ్ళు. అలా వినపడే ఉత్తరంలో ఆమెకు చెప్పాల్సింది చెప్పాలి. కాబట్టి ఎక్కడ వెతకాలో తెలియాలి.

మొదట పలకరింపుల వరుస. మ.రా.రా.శ్రీ అంటే మహారాజరాజశ్రీ, పెద్దలకు. చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, భార్యకో చెల్లెలికో కూతురికో. అమ్మకు లక్ష్మీ సమానురాలైన అని రాస్తూ వచ్చినవాడు ఒక ఉత్తరం నుంచి గం.భా.స. అని మొదలుపెట్టాడంటే, గంగాభాగీరథీ సమానురాలు, ఆ మధ్యలో నాయన పోయాడని అర్థం. ఉత్తరంలో ఆ మాట ఇంకెక్కడా లేకపోయినా.

తర్వాత ఆఖరి వాక్యం. ‘అడిగినవాళ్ళకి అడిగినట్లు చెప్పేది’ అన్నది అందరూ రాసేదే, కానీ అడిగినవాళ్ళలో మొదటి మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. సంతకం తర్వాత రాసినవి, అంచున నిలువుగా రాసినవి, ఇన్లాండు మడిచే రెక్క లోపల రాసినవి ముఖ్యంగా చూడండి. చదివేవాడు తొందరలో వదిలేస్తాడని తెలిసి అక్కడ రాసేవాళ్ళు. మనియార్డరు కూపను మీద ఒకటిన్నర లైను ఉంటుంది, దాన్ని కూడా ఉత్తరంగానే లెక్కించండి. ఎనుము ఈనిందా, నువ్వు ఏటికి ఒంటరిగా పోవద్దు లాంటి మాటలను సంసారం సంగతులని దాటేయకండి. ఎవరిని ఉద్దేశించి ‘నువ్వు’ అన్నాడో చూడండి: నాయనను మీరు అనేవాడు ఉత్తరం మధ్యలో నువ్వు అన్నాడంటే అక్కడ మనిషి మారింది.

చేతిరాత కూడా ఒకరిదే అనుకోవద్దు. చదువురాని సిపాయికి పక్క మంచం వాడు రాసిపెట్టేవాడు. రాసేవాడు తమిళుడైతే మాటల్లో తమిళం దూరుతుంది, ఉత్తరమే తమిళంలో ఉండొచ్చు. పలమనేరు, నగరి వైపు ఇళ్ళలో రెండు లిపులూ ఒకే కట్టలో కనిపిస్తాయి. ఒక ఉత్తరంలో ‘బాగుండాను’ అని, ఇంకోదాంట్లో ‘క్షేమముగా యున్నాను’ అని ఉంటే రాసిన చేయి మారిందేమో చూడండి. అక్షరాల్లో తేల్చుకోవాల్సింది ‘క’ తలకట్టు, ‘మ’ కొమ్ము, సంతకం. సంతకం ఒకటే ఉండి రాత వేరుగా ఉంటే చెప్పి రాయించాడని రాసుకోండి. అలాంటప్పుడు ముద్దు మాటలు తక్కువ ఉండటానికి కారణం కూడా అదే.

సెన్సారు నల్లసిరా పూసిన లైన్లు, బ్లేడుతో కోసిన కిటికీలు ఉంటాయి. నల్లసిరాను గీకడం, మందులు పూయడం వద్దు, కింది అక్షరం కూడా పోతుంది. కాగితం వెనక నుంచి ఏటవాలు వెలుతురులో చూస్తే పెన్ను ఒత్తిడి గాడి కొన్నిసార్లు కనపడుతుంది. ఒకే కాగితానికి అటూ ఇటూ రాసి ఉంటే ఒక వైపు కోసినప్పుడు రెండోవైపు అమాయకమైన మాట కూడా పోయి ఉంటుంది. ఎత్తిరాసేటప్పుడు ‘కోత, మూడు నాలుగు మాటలు’ అని రాయండి, ఊహించి నింపకండి.

నకళ్ళు

ఇది తొందరగా తేలే పని. స్కానరు ఉంటే 600 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. ఏ4 పుట సుమారు 100 ఎంబీ అవుతుంది. కవరు ముందు, వెనక, ఖాళీ పుట కూడా తీయాలి. ఫోనుతో అయితే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా. కాగితాన్ని తెల్లగా చేసే స్కానింగ్ యాప్‌లు వద్దు, పెన్సిలు రాతను మురికనుకుని చెరిపేస్తాయి. పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి. ఫైలు పేరు తేదీ, కట్టలో అంకె, పుట వరుసలో ఉండాలి: 1971-12-05-014-2. తేదీ తెలియకపోతే 0000 అని మొదలుపెట్టండి. మూడు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో.

వెలిసిన గోధుమరంగు సిరాను ఫోటో సాఫ్ట్‌వేరులో నీలం ఛానెల్ ఒక్కటే చూస్తే అక్షరం నల్లగా తేలుతుంది. ఎత్తిరాతలో వర్ణక్రమం దిద్దవద్దు. ‘యాడ’ను ‘ఎక్కడ’ చేస్తే మనిషి గొంతు పోతుంది. మాటలు చెబితే రాసే ఫోను యాప్‌లు ‘ఉండాను’ను తరచు ‘ఉన్నాను’ చేస్తాయి, చేత్తో టైపు చేయడమే నయం. చదవలేని అక్షరానికి చుక్కలు, అనుమానమున్న మాటకు పక్కన ప్రశ్నార్థకం. అంచున ఉన్న లైనును ఎత్తిరాసేటప్పుడు అది ఎడమ అంచులో ఉందో కుడి అంచులో ఉందో చెప్పండి.

అవ్వ ఉంటే ముందు ఆమెను అడగాలి. ఏవి చదవొచ్చో ఆమె చెబుతుంది, చెప్పనివి కట్టి పెట్టేయాలి. రాత మీద హక్కు రాసినవాడిది, అతని తర్వాత వారసులది. కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన అచ్చువేసే హక్కు రాదు. ఈ మధ్యకాలపు ఉత్తరాలైతే, ఇంకా కొలువులో ఉన్నవాళ్ళ పటాలం పేరు, చోటు ఉన్న పుటలను ఎక్కడా పెట్టకండి. అతని కొలువు వివరాలు పోల్చి చూసుకోవాలంటే డిశ్చార్జి పుస్తకం, మెడళ్ళు తీయండి. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పున, పశ్చిమీ స్టార్ ఉంటే పడమరన ఉన్నాడు. సమర్ సేవా స్టార్ 1965ది, బర్మా స్టార్ రెండో ప్రపంచయుద్ధానిది. ఆపైన ఆ పటాలం రికార్డ్స్ ఆఫీసు. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లు అనే సైనిక ఇంజినీర్ల దళానిది బెంగళూరు. ఉత్తరం ఎలా రాయాలో చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిరానివాళ్ళ పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకవచ్చు. ఇంగ్లీషులో పేరు నాలుగైదు రకాలుగా రాసి చూడాలి, గుమాస్తా ఎలా విన్నాడో అలా రాసి ఉంటుంది.

దాచడం

అటక వద్దు. మేలో తిరుపతి మిద్దె కింద అటక వేడికి కాగితం పెళుసెక్కుతుంది. పూజగది వద్దు, దీపం మసి. వంటింటి గోడ, స్నానాలగది గోడ, నేల వద్దు. పడకగది అల్మారా నడిమి అర చాలు, బయటి గోడకు ఆనించకుండా. ఒక్కో ఉత్తరానికి ఆమ్లం లేని మడత కాగితం, అది దొరక్కపోతే రెండుసార్లు ఉతికి ఆరబెట్టిన గంజిలేని తెల్లబట్ట. ఎర్రబట్టలో చుట్టే అలవాటు మంచిదే కానీ తడిస్తే రంగు దిగుతుంది. గట్టి ప్లాస్టిక్ వాసన వచ్చే తొడుగులు పీవీసీవి, వాటిలో పెట్టవద్దు. ఉత్తరాన్ని విప్పి పరిచి పెట్టండి. కవరును దాంట్లో దూర్చకుండా పక్కనే అదే అంకెతో ఉంచండి. టెలిగ్రాముల కాగితం ఆమ్లం ఎక్కువ ఉన్నది, పక్క ఉత్తరం మీద గోధుమ ముద్ర వేస్తుంది, వాటిని విడిగా పెట్టండి.

ఒక్కో పెట్టెలో పాతిక ముప్పై ఉత్తరాలకు మించొద్దు. నాఫ్తలీన్ గోళీలు వాడొద్దు. వేపాకు, వస కొమ్ము పలచటి బట్టలో మూటకట్టి మూలలో ఉంచవచ్చు కానీ కాగితానికి తగలకూడదు, ఆకు పూర్తిగా ఎండి ఉండాలి. తేమకు సిలికా జెల్ ఒక పెట్టెకు 100 గ్రాములు. రంగు మారినప్పుడు 120 డిగ్రీల దగ్గర గంటన్నర కాల్చి, చల్లార్చి మళ్ళీ పెట్టాలి. మన దగ్గర అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకని సెప్టెంబరులో ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి పెట్టె తెరిచి చూడండి. వెండిరంగు పురుగు కనిపిస్తే పెట్టెలోవన్నీ రెండు పొరల పాలిథిన్‌లో మూసి రెండు వారాలు ఫ్రీజరులో ఉంచి, బయటికి తీశాక ఒక రోజు గడిచేదాకా విప్పకండి. లేదంటే కాగితం మీద నీళ్ళు కడతాయి.

తెరవని ఉత్తరం

కట్టలో ఒక్కోసారి అంటించింది అంటించినట్టే ఉన్న కవరు ఒకటి దొరుకుతుంది. చాలావరకు అది అవ్వ రాసినది, అది చేరినచోట తాత లేక తిరిగొచ్చింది. దాని వెనక ఉన్న ముద్రలు, చేత్తో రాసిన మాటలు, తిప్పి పంపిన తేదీ అన్నీ ముందు ఫోటో తీయండి. తర్వాత కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో లోపల కాగితం ఎన్ని మడతలుందో, అంచు ఎక్కడుందో చూడండి. తెరవాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్ళు తేల్చుకోవాల్సింది, ఆమె ఉంటే ఆమె ఒక్కతే. ఆవిరి పట్టకండి, జిగురుతో పాటు సిరా కూడా కరుగుతుంది. రెక్క జోలికి పోకండి. కవరును మెల్లగా ఒకవైపుకు తట్టి కాగితాన్ని జరగనిచ్చి, ఖాళీ అయిన పొట్టి అంచును కొత్త బ్లేడుతో ఒక వెంట్రుక మందాన కోయండి. అలా చేస్తే అంటించిన రెక్క, దాని మీది ముద్ర చెదరకుండా ఉంటాయి. లోపలిది బయటికి తీశాక అంతకాలం మడతలో ఉన్న కాగితాన్ని ఒక్కసారిగా విప్పకండి. ఒక మడత విప్పి, దాని మీద చిన్న బరువు పెట్టి, తర్వాతి మడతను మరుసటి రోజు విప్పండి.